ఉలి కింద పుట్టే దుమ్ము, గాజు పళ్లెంలో కణం

భూగర్భ శాస్త్రం పుస్తకం తెరిస్తే నంద్యాల జిల్లా ఊళ్లన్నీ రాళ్ల పేర్లై కనిపిస్తాయి. అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, ఆపైన అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ మీద నంద్యాల షేల్. మధ్యలో కడప జిల్లా నార్జి పేరు మీద ఇంకో సున్నపురాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వేశాడు. బనగానపల్లె, పాణ్యం శిలల పేర్లు అప్పటివే. కుందేరు నదిని కూడా ఆయన వదల్లేదు, ఒక శిలావర్గానికి దాని పేరు పెట్టాడు.

ఈ రాళ్లే ఇక్కడ అన్నం పెడుతున్నాయి. బేతంచర్లలో నాపరాళ్లు కోసి పాలిష్ పడతారు. కొలిమిగుండ్ల వైపు సున్నపురాయి సిమెంటుగా మారుతుంది. ఆళ్లగడ్డలో రాయి దేవుడవుతుంది. గుడి మూలవిరాట్టులు, ధ్వజస్తంభాలు, కూడళ్లలో నిలబెట్టే నాయకుల విగ్రహాలు అక్కడి శిల్పుల చేతుల మీదుగా రాష్ట్రాలు దాటి వెళ్తాయి. ఒకప్పుడు ఉలి, సుత్తి ఉంటే పని జరిగేది. ఇప్పుడు వాటి పక్కన కరెంటు కట్టర్, గ్రైండర్ చేరాయి. ఉలి దెబ్బకు రాయి పెచ్చులుగా ఊడి కాళ్ల దగ్గర పడుతుంది. నిమిషానికి వేలసార్లు తిరిగే బ్లేడు మాత్రం అదే రాయిని పొగలాగా లేపుతుంది. పనైపోయాక శిల్పి కనురెప్పల మీద కనిపించే తెల్లటి పొడి పెద్దగా హాని చేయదు. అది ముక్కులోనో గొంతులోనో ఆగిపోయే రకం. మనిషి వెంట్రుక మందం సుమారు 60, 70 మైక్రాన్లు. ఊపిరితిత్తి చివరనున్న గాలిగదుల దాకా పోగలిగేది 4 మైక్రాన్ల లోపు నలుసు. అది కంటికి ఆనదు. మూతికి తువాలు కట్టుకున్నా ఆగదు.

కంటికి అన్ని దుమ్ములూ ఒకటే, కానీ రసాయనం వేరు. సున్నపురాయి పొడి కాల్షియం కార్బొనేట్. అది ఆమ్లంలో కరిగిపోతుంది. క్వార్ట్‌జైట్ పొడి దాదాపు అంతా క్వార్ట్‌జ్, అంటే స్ఫటిక రూపంలోని సిలికా. గ్రానైట్‌లో క్వార్ట్‌జ్ ఐదోవంతో, అంతకు మించో ఉంటుంది. క్వార్ట్‌జ్ పొడి ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తి మచ్చలు పడి గట్టిపడుతుంది, మళ్లీ మెత్తబడదు. నల్లమల దాటితే వచ్చే మార్కాపురం పలకల ఊరని తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అలాంటి పలక రాయితోనే బలపాలు కోసే మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో అహ్మదాబాద్‌ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు కార్మికులను పరీక్షించి 1985లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 54.6 మందికి సిలికోసిస్ ఉందని తేలింది.

ఇక్కడే ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. క్వార్ట్‌జ్ అంటే ఇసుక. నీళ్లలో కరగదు, విషం కక్కదు, ఏళ్ల తరబడి ఒడ్డున పడి ఉంటుంది. అలాంటి నిర్జీవమైన పదార్థం ఊపిరితిత్తిలో దూరి ఏం చేస్తుంది?

చాలాకాలం చలామణీ అయిన జవాబు సులువైనది: గాజుపెంకులా గీసుకుపోతుంది, గట్టిగా, పదునుగా ఉంటుంది కాబట్టి కోస్తుంది. వినడానికి సబబుగానే ఉంది. అది తప్పని తేలడానికి బతికున్న కణాన్ని శరీరం బయట పెంచి, దాని మీద దుమ్ము చల్లి చూడాల్సి వచ్చింది.

టిష్యూ కల్చర్ అంటే మహానంది చుట్టుపక్కల రైతుకు అరటి మొక్క గుర్తుకొస్తుంది. చిన్న ముక్క నుంచి సీసాలో వేలాది పిలకలు తీసే పద్ధతి అది. జంతువుల, మనుషుల కణాలతో చేసేదీ సూత్రప్రాయంగా అలాంటిదే గానీ చాకిరీ ఎక్కువ. 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న పెట్టె, చక్కెర, లవణాలు, అమైనో ఆమ్లాలు కలిపిన గులాబీరంగు ద్రవం, అందులో దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం, ఇవన్నీ కావాలి. ఇంత చేసినా ఎక్కడినుంచో ఒక్క బూజు రేణువు వచ్చి పడితే వారం రోజుల పని మట్టిపాలు. 1907లో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన నాడీ కణజాలాన్ని శోషరస బిందువులో బతికించినప్పటి నుంచి ఈ విద్య మెల్లగా పెరిగింది. ఇప్పుడు ఊపిరితిత్తి మీద పనిచేసేవాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండే కణాలు కొన్ని ఉన్నాయి. 1972లో 58 ఏళ్ల వ్యక్తి ఊపిరితిత్తి క్యాన్సర్ గడ్డ నుంచి తీసిన ఏ549 కణాలు ప్రపంచంలో వేల ప్రయోగశాలల్లో నేటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. 1980లో జపాన్‌లో లుకేమియా ఉన్న ఏడాది పిల్లవాడి రక్తం నుంచి తీసిన టీహెచ్‌పీ-1 కణాలను భక్షక కణాలుగా మార్చి వాడుకుంటారు.

భక్షక కణం, అంటే మాక్రోఫేజ్, ఈ కథకు కీలకం. గాలిగదిలో పడిన చెత్తనల్లా మింగి శుభ్రం చేయడం దాని పని. బ్యాక్టీరియా వచ్చినా, పుప్పొడి వచ్చినా, మసి వచ్చినా మింగుతుంది. మింగినదాన్ని ఒక సంచిలో బిగించి, జీర్ణరసాలతో నిండిన లైసోజోమ్ అనే మరో సంచితో కలుపుతుంది. లోపలిది చాలా పుల్లని వాతావరణం. సున్నపురాయి నలుసైతే అక్కడ కరుగుతుంది. క్వార్ట్‌జ్ కరగదు.

1966లో లండన్‌లోని మిల్ హిల్ పరిశోధనాలయంలో ఆంథొనీ అలిసన్, తన సహచరులు హారింగ్టన్, బర్బెక్‌లతో కలిసి మాక్రోఫేజ్‌లను పళ్లెంలో పెంచి వాటికి క్వార్ట్‌జ్ పొడి తినిపించాడు. ఈ అలిసన్ మలేరియాకూ సికిల్ సెల్ రక్తలోపానికీ ఉన్న సంబంధాన్ని 1954లో బయటపెట్టిన మనిషే. సూక్ష్మదర్శినికి సినిమా కెమెరా తగిలించి ఆ కణాలను చిత్రీకరించారు. కణాలు క్వార్ట్‌జ్ నలుసులను ఎప్పటిలాగే మింగాయి. లైసోజోమ్ వచ్చి కలిసింది. కొన్ని గంటలయ్యాక ఆ సంచి పొర తెగింది. లోపలి జీర్ణరసాలు కణంలోకే పొర్లాయి. కణం తన రసాలకు తానే అరిగి చచ్చింది.

పోల్చి చూడడానికి వాళ్లు పెట్టుకున్న రెండో పొడి వజ్రం. బనగానపల్లె పొరల్లోంచి ఒకప్పుడు తవ్వి తీసిన వజ్రం లాంటిదే, పొడిగా నూరినది. గట్టిదనం కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్‌జ్ 7, వజ్రం 10. కోసుకుపోయే గుణమే ప్రాణం తీసేదైతే వజ్రం పొడి మింగిన కణం ముందు చావాలి. అది చావలేదు. వజ్రపు నలుసులు లైసోజోమ్‌లో అలా పడి ఉన్నాయి, కణం హాయిగా బతికింది. పదును వాదం ఆ పళ్లెంలోనే ముగిసింది. చిక్కంతా క్వార్ట్‌జ్ ఉపరితలంలో ఉందనీ, అక్కడి హైడ్రాక్సిల్ గుంపులు పొరలోని కొవ్వు అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటున్నాయనీ అలిసన్ బృందం ప్రతిపాదించింది. ఆ బంధాలను అడ్డుకునే ఒక పాలిమర్‌ను ముందుగా ఇస్తే కణాలు క్వార్ట్‌జ్ మింగినా బతికాయి. తర్వాత చైనాలో ఆ పాలిమర్‌ను సిలికోసిస్ రోగులకు మందుగా ఇచ్చి చూశారు కూడా.

మరుసటి ఏడాది, 1967లో, హెపుల్‌స్టన్, స్టైల్స్ అనే ఇద్దరు ఇంకో మెట్టు ఎక్కారు. క్వార్ట్‌జ్ తిన్న మాక్రోఫేజ్‌ల నుంచి తీసిన సారాన్ని ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద పోశారు. మచ్చకణజాలాన్ని అల్లేవి ఈ ఫైబ్రోబ్లాస్ట్‌లే. క్వార్ట్‌జ్‌ను నేరుగా ముట్టకుండానే అవి కొల్లాజెన్‌ను ఎక్కువగా అల్లడం మొదలుపెట్టాయి. ఊపిరితిత్తిలో మచ్చ ఎలా పడుతుందో దీంతో ఒక దారి దొరికింది: చచ్చే కణం తన పొరుగుకు కబురు పంపుతోంది. ఆ కబురు ఏ భాషలో ఉందో తేలడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 2008లో లొసాన్‌లోని యూర్గ్ చోప్ బృందం ఒకవైపు, వైట్ హార్నుంగ్, సహచరులు మరోవైపు దాదాపు ఒకేసారి జవాబు చెప్పారు. లైసోజోమ్ పగలగానే కణంలోని ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ల అలారం మోగుతుంది, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతం బయటికి పొంగుతుంది. చచ్చిన కణంలోంచి బయటపడ్డ క్వార్ట్‌జ్ నలుసును మరో మాక్రోఫేజ్ వచ్చి మింగుతుంది. కథ మళ్లీ మొదలు. పని మానేసిన ఏళ్ల తర్వాత కూడా సిలికోసిస్ ముదురుతూ పోవడానికి ఒక కారణం ఇదే.

శిల్పికి అన్నిటికన్నా పనికొచ్చే విషయం మాత్రం ఇంకోచోట ఉంది. 1988లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో వల్యథన్ తదితరులు అప్పుడే పగలగొట్టిన క్వార్ట్‌జ్‌నూ, పగలగొట్టి నిల్వపెట్టిన క్వార్ట్‌జ్‌నూ పక్కపక్కన పరీక్షించారు. రాయి విరిగినప్పుడు సిలికాన్, ఆక్సిజన్ బంధాలు తెగి ఉపరితలం మీద ఫ్రీ రాడికల్స్ పుడతాయి. గాలి తగులుతూ ఉంటే అవి దాదాపు 30 గంటల్లో సగానికి తగ్గుతాయి. తాజా పొడి కణాలను ఎక్కువగా దెబ్బతీసింది, పాతబడిన పొడి తక్కువగా. 2020లో ఇటలీలోని ట్యూరిన్ పరిశోధకులు దీన్ని అణువుల స్థాయికి తీసుకెళ్లారు. ప్రయోగశాలలో పెంచిన, ముఖాలన్నీ చెక్కుచెదరని క్వార్ట్‌జ్ స్ఫటికాలు కణపొరను ఏమీ చేయలేదు. వాటినే నూరి విరగ్గొడితే పొరను చీల్చాయి. విరిగిన చోట ఒకదానికొకటి కాస్త ఎడంగా నిలిచే ఒక రకం సైలనాల్ గుంపులు ఏర్పడుతున్నాయనీ, విషమంతా అక్కడే ఉందనీ చూపించారు.

దీన్ని ఆళ్లగడ్డ శిల్పశాలకు అన్వయిస్తే లెక్క మారిపోతుంది. ఏటి ఒడ్డు ఇసుక యుగాల కిందట విరిగింది, దొర్లి నునుపెక్కింది. గ్రైండర్ ముందు కూర్చున్నవాడు పీల్చే నలుసుకు వయసు రెండు మూడు సెకన్లు. రెండూ క్వార్ట్‌జే, రసాయన సూత్రం ఒకటే. కణానికి మాత్రం ఒకటి కాదు.

చట్టం ఈ తేడాను ఎరగదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ఇచ్చిన సూత్రం ఇలా ఉండేది: దుమ్ములో క్వార్ట్‌జ్ శాతానికి రెండు కలిపి, దాంతో పదిని భాగిస్తే ఘనపు మీటరు గాలిలో ఉండదగిన, లోపలిదాకా పోయే దుమ్ము మిల్లీగ్రాముల్లో వస్తుంది. 30 శాతం క్వార్ట్‌జ్ ఉన్న రాయికి అది సుమారు 0.31 మిల్లీగ్రాములు. క్వార్ట్‌జ్ ఎంతుందో అడిగింది, అంతవరకు మెచ్చుకోవాలి. అది ఎప్పుడు విరిగిందో అడగలేదు. పైగా కరెంటుతో నడిచే పనిచోట కనీసం పదిమంది ఉంటేనే ఆ చట్టం పట్టించుకునేది. తండ్రీ కొడుకులూ ఇద్దరు పనివాళ్లూ ఉన్న రేకుల షెడ్డు దాని లెక్కలోకే వచ్చేది కాదు.

ఊరి గాలి కొలతలదీ ఇదే వరస. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం 2.5 సగటు ఏడాదికి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సొంత పరిమితిని 5కు తగ్గించింది. ఏదైనా తూకమే: మసి గ్రాము, సిమెంటు గ్రాము, క్వార్ట్‌జ్ గ్రాము ఒకే తక్కెడలో. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఊళ్లున్నాయి. ఇటు కర్నూలు ఉంది, అటు కడప ఉంది. మధ్యలో ఉన్న నంద్యాల లేదు. గాలి ఆ జాబితా చూసుకుని వీచదు కదా.

అయితే పళ్లెం చెప్పిందల్లా నమ్మేయకూడదు. ఏ549 క్యాన్సర్ కణం. మామూలు కణం చచ్చే చోట అది బతకగలదు. పళ్లెంలో రక్తప్రసరణ లేదు, చీమిడి లేదు, నలుసులను పైకి తోసే నూగు లేదు. ఇరవై ఏళ్లపాటు కొంచెం కొంచెంగా చేరే దుమ్మును పరిశోధకుడు ఒక్క రోజులో కుమ్మరిస్తాడు. ఇంకో మెలిక కూడా ఉంది. క్వార్ట్‌జ్ గాలిగదిలో దిగగానే అక్కడి జిడ్డుపొర, సర్ఫాక్టెంట్, దాన్ని పూతలా కప్పేస్తుంది. పూత ఉన్నంతసేపు నలుసు పిల్లిలా పడి ఉంటుంది. మాక్రోఫేజ్ ఎంజైములు ఆ పూతను మెల్లగా కొరికేశాక అసలు రూపం బయటపడుతుంది. వట్టి ద్రవంలో పెంచిన కణాలకు ఈ పూత కథ తెలియనే తెలియదు.

పూత వేసి క్వార్ట్‌జ్‌ను లొంగదీయవచ్చన్న ఆశ ఒకసారి ఘోరంగా బెడిసికొట్టింది కూడా. అల్యూమినియం క్వార్ట్‌జ్ ఉపరితలాన్ని కప్పి మచ్చిక చేస్తుందని కుందేళ్ల మీద తేలడంతో, కెనడాలోని ఒంటారియోలో 1943 నుంచి 1979 దాకా గని కార్మికుల చేత షిఫ్టుకు ముందు అల్యూమినియం పొడి పీల్పించారు. మెకింటైర్ పౌడర్ అనేవారు. వాళ్లలో పార్కిన్సన్స్ ముప్పు ఎక్కువగా ఉందని 2020లో తేలింది.

లోపాలు తెలిశాక పళ్లేలూ మారాయి. 1980ల నుంచి కణాలను సన్నటి రంధ్రాల పొర మీద పెంచి, కింద పోషక ద్రవం, పైన ఉత్త గాలి ఉంచే పద్ధతి వచ్చింది. అలా పెంచితే శ్వాసనాళ కణాలు నూగు మొలిపిస్తాయి, చీమిడి స్రవిస్తాయి. దుమ్మును ద్రవంలో కలిపి పోసే అవసరం లేకుండా గాలిలోనే వాటి మీదికి వదలవచ్చు. 2010లో హార్వర్డ్‌లోని వైస్ సంస్థలో డాంగ్‌యన్ హూ, డొనాల్డ్ ఇంగ్‌బర్ ఇంకా ముందుకెళ్లి ఊపిరితిత్తి చిప్ తయారుచేశారు. సాగే పొరకు ఒకవైపు గాలిగది కణాలు, మరోవైపు రక్తనాళ కణాలు. శూన్యం పెట్టి లాగుతూ వదులుతూ ఉంటే పొర ఊపిరి తీసినట్టు కదులుతుంది. అందులోకి అతిసూక్ష్మ సిలికా రేణువులను పంపినప్పుడు, పొర కదలకుండా ఉన్నప్పటికన్నా కదులుతున్నప్పుడే కణాలు ఎక్కువ రేణువులను లోపలికి తీసుకున్నాయి, వాపు సంకేతాలూ ఎక్కువగా వెలువడ్డాయి. కదలని పళ్లెం దెబ్బను తక్కువ చేసి చూపిస్తూ వచ్చిందన్న మాట. బరువు ఎత్తుతూ, వంగి లేస్తూ, రొప్పుతూ పనిచేసే మనిషి విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఈ రకం పనికి ఇప్పుడు బోస్టన్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ 2020లో బెంగళూరు సంస్థ ఐస్టెమ్‌తో కలిసి మనిషి ఊపిరితిత్తి ఎపిథీలియల్ కణాల్లో కరోనా వైరస్‌ను పెంచే పని చేపట్టింది. సీసీఎంబీ ఆవరణలోని అటల్ ఇంక్యుబేషన్ కేంద్రంలో జంతువులకు బదులు మానవ కణ నమూనాలను ప్రోత్సహించడానికే ఒక ప్రత్యేక కేంద్రం నడుస్తోంది. కొత్త మందుల పరీక్షల్లో ఇలాంటి పద్ధతులకు కేంద్ర ప్రభుత్వం 2023లో నిబంధనలు సవరించి చోటిచ్చింది. అదే ఏడాది నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దుమ్ము ఉన్న చోటుకూ కణాలు పెంచే చోటుకూ మధ్య ఇప్పుడు ఒక రాత్రి ప్రయాణం దూరం.

చేయాల్సిన ప్రయోగం ఊహించడం కష్టమేం కాదు. గ్రైండర్ పట్టిన మనిషి కాలరుకు చిన్న పంపు తగిలించి, 4 మైక్రాన్ల లోపు దుమ్మును ఫిల్టర్ కాగితం మీద పట్టాలి. మూడు నమూనాలు కావాలి: పొడిగా కోసినప్పటిది, నీళ్లు పోస్తూ కోసినప్పటిది, షెడ్డు మూల వారం రోజులుగా పడి ఉన్నది. ఎక్స్‌రే వివర్తనంతో క్వార్ట్‌జ్ శాతం తేల్చాలి. ఆరుబయట దుమ్ములో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ఎలాగూ ఉంటుంది. అది ఒక్కటే మాక్రోఫేజ్‌ను రెచ్చగొట్టగలదు కాబట్టి ముందే దాని లెక్క తీసేయాలి. తర్వాత మూడింటినీ ఒకే మోతాదులో, కణాలు పరచుకున్న చదరపు సెంటీమీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని, మాక్రోఫేజ్‌ల మీద చల్లాలి. 24 గంటలయ్యాక ద్రవంలోకి కారిన ఎల్‌డీహెచ్ ఎంజైమును కొలిస్తే ఎన్ని పొరలు చిరిగాయో, ఇంటర్‌ల్యూకిన్‌ను కొలిస్తే ఎంత కబురు బయటికి పోయిందో తెలుస్తుంది. వజ్రం పొడి దొరక్కపోతే పోల్చడానికి టైటానియం డయాక్సైడ్ పెట్టుకోవచ్చు.

పళ్లెం జవాబు చెప్పేదాకా ఆగకుండా చేయగలిగింది ఒకటుంది. బ్లేడు మీద నీళ్లు పడితే నలుసు చాలావరకు గాలిలోకి లేవదు. బేతంచర్ల పాలిష్ యంత్రాల దగ్గర నీళ్లు ఎప్పటినుంచో వాడుతున్నారు, రాయి వేడెక్కకుండా ఉండడానికి. తిప్పలన్నీ ఆ తర్వాతే. పారిన రాతి బురద గట్టు మీద ఎండి, లారీ చక్రం కింద నలిగి, మళ్లీ లేస్తుంది. శిల్పానికైతే ముక్కూ కళ్లూ తీర్చే చివరి పనిలో తడి రాయి మీద గీత కనపడదు కాబట్టి నీళ్లు కట్టేస్తారు. సన్నటి దుమ్ము లేచేదీ, మొహం రాయికి జానెడు దూరంలో ఉండేదీ అప్పుడే. ఆ గంటసేపు బ్లేడు పక్కనే దుమ్ము లాగే గొట్టం, మొహానికి తువాలు బదులు సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు ఉండాలి.